ఉద్యోగమిచ్చినవారికి మనోవ్యాధి సంగతి చెప్పవలెనా?

గత మాసంలో ఎర్రగుంట్ల ప్రాంతం నుండి ఒక యువకుడు నాకు ఉత్తరం వ్రాశాడు. రెండేండ్ల క్రితం అతనికి నిద్ర కరవైంది. కారణం తెలియని భయం, గుండెదడ, ఇల్లు దాటి వీధిలోకి రాలేని స్థితి. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో మానసిక వైద్యులకు చూపించుకొని, మందులు వాడి కోలుకున్నాడు. నేటికీ రాత్రిపూట ఒక మాత్ర వేసుకొంటున్నాడు. ఇప్పుడొక కర్మాగారంలో ఉద్యోగం వచ్చే అవకాశం కలిగింది. దరఖాస్తు ఫారంలో “దీర్ఘవ్యాధులు ఏవైనా ఉన్నవా?” అని ఒక గడి ఉన్నది. “అయ్యగారూ, ఉన్నదంటే ఉద్యోగం రాదు. లేదంటే అబద్ధం. మీరు ఏ కషాయం చెప్పినా త్రాగుతాను గాని, ముందు ఈ గడికి మందు చెప్పండి” అని అతని ప్రార్థన.

ఈ పత్రికలో నేను జీర్ణశక్తిని గురించి, కీళ్లవాతాన్ని గురించి ఎన్నో వ్యాసాలు వ్రాశాను. ఈ గడికి మందు చెప్పడం అంత సులభం కాదు. “సత్యమే చెప్పు నాయనా” అని ఒక మాటలో తేల్చివేయవచ్చును. “ఎవరికీ తెలియనివ్వకు” అనీ అనవచ్చును. నా వైద్యజీవితంలో ఈ రెండు సలహాలూ ఇచ్చాను. రెండింటి వల్లనూ మనుషులు నష్టపోవడం చూశాను. కావున ముందు నా తప్పులు చెప్పుకొని, ఆ తరువాత నా అభిప్రాయం విన్నవిస్తాను.

1990 దశకం చివరి సంగతి. ఒక కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసే గృహస్థు భార్య నా వద్దకు వచ్చింది. భర్త రాత్రులు నిద్రపోడు, తనలో తాను మాట్లాడుకొంటాడు, ఎవరో తనను వెంటాడుచున్నారంటాడు. పెద్దాసుపత్రికి తీసుకొని వెళ్లమన్నాను, వెళ్లారు. అయితే సెలవు కొరకు సర్టిఫికెట్ మాత్రం నన్నే అడిగింది. “సామీ, మతి చెడిందని మాత్రం రాయొద్దండి. ఆపీసులో తెలిస్తే నౌకరీ పోతాది. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లోళ్లు ఉండారు. కామెర్లని రాయండి” అని కన్నీరు పెట్టుకొన్నది. నేను కామెర్లని వ్రాశాను. మరుసటి సంవత్సరం విషజ్వరమని వ్రాశాను. మూడవసారి నడుమునొప్పి.

నాలుగవసారి ఆ మనిషి ఎవరికీ చెప్పకుండా ఇల్లు విడిచి నలభై దినాలు కనిపించలేదు. తిరిగి వచ్చేసరికి ఛార్జిషీటు సిద్ధంగా ఉన్నది. అతనికి మనోవ్యాధి ఉన్నదని బంధువులు మొరపెట్టుకొన్నారు. విచారణ జరిపిన అధికారి నా సర్టిఫికెట్లు మూడూ బల్లమీద పరచి, “ఇందులో ఎక్కడా ఆ మాట లేదే? ఈయనకు ఉన్నది కామెర్లు కదా?” అన్నాడట. ఉద్యోగం పోయింది.

నాకు అప్పుడు తెలియని విషయం ఒకటి ఉన్నది. వికలాంగుల చట్టం 1995లో వచ్చి, 1996 ఫిబ్రవరి నుండి అమలులో ఉండేది. మనోవ్యాధిని కూడా ఆ చట్టం వైకల్యాలలో చేర్చింది. ఉద్యోగంలో ఉండగా వైకల్యం పొందిన వానిని తొలగించరాదనీ, హోదా తగ్గించరాదనీ అందులోని 47వ సెక్షను. ఆ గుమాస్తా ఉద్యోగం నా సర్టిఫికెట్ల వల్లనే పోయిందని అనను. కాని దానిని నిలబెట్టగలిగిన ఆధారాన్ని దయ పేరిట నేనే ముందుగా చెరిపివేశాను. ఆ ఇద్దరు ఆడపిల్లల ముఖాలు నాకు నేటికీ గుర్తు.

ఈ అనుభవంతో భయపడి, కొన్నేండ్ల తరువాత వచ్చిన ఒక ఉపాధ్యాయురాలికి దీనికి సరిగా వ్యతిరేకమైన సలహా ఇచ్చాను. కాన్పు తరువాత ఆమెకు తీవ్రమైన విషాదం కలిగి, చికిత్సతో తగ్గింది. “యాజమాన్యానికి ఉన్నదున్నట్లు చెప్పమ్మా, దాచడం వద్దు” అన్నాను. చెప్పింది. వారం తిరగకుండానే ఆ సంగతి తోటి ఉపాధ్యాయులకు, ఆయాలకు, చివరకు పిల్లల తల్లిదండ్రులకు కూడా తెలిసిపోయింది. ఆమెను ఎవరూ పొమ్మనలేదు. ఎవరూ ఆమెతో మునుపటివలె మాట్లాడనూ లేదు. ఏడాది చివర తానే మానుకొన్నది.

మొదటివానికి దాచడం వల్ల హాని కలిగింది, రెండవ ఆమెకు చెప్పడం వల్ల హాని కలిగింది. అయితే తప్పు ఎక్కడ ఉన్నది?

చరకాచార్యులు చికిత్సకు నాలుగు పాదాలు చెప్పారు. వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. రోగికి ఉండవలసిన గుణాలలో రెండు మనకు ఇక్కడ ముఖ్యం. ఒకటి జ్ఞాపకత్వం, అనగా తన బాధను తెలియజెప్పగలగడం. రెండవది అభీరుత్వం, అనగా భయం లేకపోవడం. మా గురువుగారు ఈ రెండింటినీ ఒకే దినం పాఠం చెప్పారు. అప్పుడు వల్లించానే గాని, వాటి సంబంధం అర్థం కావడానికి నాకు ముప్పై ఏండ్లు పట్టింది. భయపడేవాడు చెప్పలేడు. భయం తీర్చకుండా చెప్పమనడం న్యాయం కాదు. ఆ భయాన్ని తీర్చవలసినది రోగి ఒక్కడే కాదు. పరిచారకునికి చికిత్సాజ్ఞానం, నేర్పు, శుచిత్వంతో పాటు అనురాగం కూడా ఉండవలెనన్నారు. దినంలో ఎనిమిది గంటలు మనిషి పనిచేసేచోట అతని పైఅధికారి కొంతవరకు పరిచారకుడే అవుతాడు.

మన సీమలో ఈ భయానికి మూలం తెలియనిది కాదు. వానను నమ్ముకొని జొన్న, శనగ, వేరుశనగ వేసే కుటుంబంలో ఒక్కరికి నెలజీతం వచ్చిందంటే, ఆ జీతమే ఎండని బావి. దాని మీద అప్పు తీరవలెను, చెల్లెలి పెండ్లి జరగవలెను, తమ్ముని చదువు సాగవలెను. అందుకే మధుమేహం ఉన్నదని నలుగురిలో చెప్పుకొనేవాడు, మనసు బాగాలేదని భార్యకు కూడా చెప్పడు. బెంగుళూరు నిమ్హాన్స్ వారు 2015–16లో 12 రాష్ట్రాలలో జరిపిన సర్వేలో పెద్దవారిలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నట్లు తేలింది. వందమంది పనిచేసే కర్మాగారంలో అటువంటివారు ఒక్కరూ లేరని యజమాని అనుకొంటే, అది అతనికి ఎవరూ చెప్పనందువల్లనే.

మనోవ్యాధి కూడా వ్యాధియే. జ్వరానికి వలెనే ఉన్మాదానికీ నిదానం, లక్షణం, చికిత్స చెప్పిన శాస్త్రం మనది. చరక సంహితలో దానికి నిదాన స్థానంలో ఒక అధ్యాయం, చికిత్సా స్థానంలో మరొక అధ్యాయం కేటాయించారు. మన పొరుగు బళ్లారి జిల్లాలో 1980 దశకంలోనే నిమ్హాన్స్ వైద్యులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల ద్వారా ఈ చికిత్సను పల్లెలకు అందించవచ్చునని చేసి చూపారు. దానినే ఆదర్శంగా తీసుకొని 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం నాలుగు జిల్లాలలో మొదలైంది. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని మెదక్ అందులో ఒకటి. చికిత్స పల్లెకు వచ్చింది గాని, ఆ చికిత్స పొందుచున్నానని కార్యాలయంలో చెప్పుకొనే ధైర్యం ఇంకా రాలేదు.

చట్టం మాత్రం ముందుకు నడిచింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుండి అమలులో ఉన్నది. 21 రకాల వైకల్యాలను అది గుర్తించింది. వాటిలో మనోవ్యాధి, బుద్ధిమాంద్యం, ఆటిజం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఉన్నవి. ప్రభుత్వోద్యోగంలో ఉండగా వైకల్యం పొందినవారిని తొలగించరాదు. ఆ పని చేయలేకపోతే అదే జీతంతో వేరొక పనికి మార్చవలెను. అట్టి స్థానం ఖాళీ లేకపోతే అదనపు పోస్టులో ఉంచవలెను. 20 మంది, అంతకు మించి పనిచేసే ప్రైవేటు సంస్థ సైతం సమానావకాశ విధానాన్ని, అందులో వికలాంగులకు కల్పించే సదుపాయాలను ప్రకటించవలెను. ఈ యువకుడు చేరబోయే కర్మాగారం ఆ ప్రకటన చేసిందా? ఆ గడి నింపేముందు అతడు అడగవలసిన ప్రశ్న ఇదే.

న్యాయస్థానాలు కూడా ఈ దారిలోనే నడిచినవి. కేంద్ర రిజర్వు పోలీసు దళంలో అధికారి అయిన రవీందర్ కుమార్ ధారివాల్ కేసులో సుప్రీం కోర్టు 2021 డిసెంబరు 17న తీర్పు ఇచ్చింది. మనోవైకల్యం ఉన్న ఉద్యోగిపై, ఆ వైకల్యంతో ముడిపడిన ప్రవర్తనకు క్రమశిక్షణ చర్య తీసుకోవడం పరోక్ష వివక్ష అవుతుందని చెప్పింది. ప్రస్తుత విధికి తగడని తేలితే జీతం తగ్గకుండా వేరొక పని ఇవ్వవలెననీ, ఆ పనిలో ఆయుధాలు లేకుండా చూడవచ్చుననీ చెప్పింది. ఉద్యోగి హక్కును, తోటివారి క్షేమాన్ని రెండింటినీ నిలిపిన తీర్పు ఇది. మన ఆర్టీసీలో డ్రైవరుగా చేరి, రంగులు గుర్తించలేడని ఇంటికి పంపబడిన ఒక ఉద్యోగికి కూడా ప్రత్యామ్నాయ ఉద్యోగం ఇవ్వవలెనని 2025 ఆగస్టులో అదే కోర్టు ఆదేశించింది. అది కంటికి సంబంధించిన సంగతి అయినా, వేరే పని వెదకవలసిన బాధ్యత యజమానిదేనన్న సూత్రం మనోవ్యాధికీ వర్తించదగినదే.

అయితే ఈ రక్షణలన్నిటికీ ఒక షరతు ఉన్నది. వ్యాధి ఉన్నట్లు ఎక్కడో ఒకచోట, సరియైన కాగితం మీద, సరియైన పేరుతో వ్రాసి ఉండవలెను. కామెర్లని వ్రాసిన కాగితానికి ఏ చట్టమూ మనోవ్యాధి రక్షణ ఇవ్వజాలదు.

ఇక అభ్యసన వైకల్యం. ఇది మందబుద్ధి అని చాలామంది పొరబడుచున్నారు. గురుకులంలో నాకు ఒక సహాధ్యాయి ఉండేవాడు. తాళపత్రం గాని, అచ్చు పుస్తకం గాని చేతికిస్తే అక్షరాలు తారుమారై పంక్తి చదవలేకపోయేవాడు. గురువుగారు నోట చెప్పినది మాత్రం రెండుసార్లు వింటే చాలు, తిరిగి అప్పగించేవాడు. మా గురువుగారు అతనికి పుస్తకం పెట్టకుండా నోటిపాఠమే చెప్పారు. ధీ, ధృతి, స్మృతి అని మన శాస్త్రం మూడుగా చెప్పినది అందుకే. అతని స్మృతి అమోఘం. కన్నుతో అక్షరాన్ని పట్టే ఒక్క మార్గంలోనే అడ్డంకి. ఇదే పిల్లవాడు నేటి బడిలో ఉంటే పదవ తరగతి దాటేవాడు కాడేమో.

నంద్యాలలో ఎరువుల దుకాణంలో లెక్కలు వ్రాసే ఒక అమ్మాయి కథ కూడా చెబుతాను. 69 అని వ్రాయవలసినచోట 96 వ్రాసేది. మూడునెలల లెక్కలు తేలక, యజమాని ఆమెను దొంగతనం చేసిందని అనుమానించాడు. ఆమె తలనొప్పికి మందు కొరకు నా వద్దకు వచ్చింది. చిన్ననాటి నుండి అంకెలు తిరగబడతాయని, సిగ్గుతో ఎవరికీ చెప్పలేదని ఏడ్చింది. పరీక్ష కొరకు కర్నూలు పంపాను. కాగితం వచ్చాక ఆమె అనుమతితో యజమానితో మాట్లాడాను. ఆయన చేసినది చిన్న మార్పు. రశీదు మీద అంకెను ఆమె పైకి చదవవలెను, మరొక గుమాస్తా విని సరిచూడవలెను. లెక్క తేలింది, అనుమానం తీరింది, తలనొప్పి కూడా తగ్గింది. నేనిచ్చిన చూర్ణం వల్ల తగ్గిందని నేను అనుకోను.

ఇట్టి సర్దుబాటు కొరకు నూటికి 40 పాళ్లు వైకల్యం ఉండి తీరవలెననుకోవడం పొరపాటు. ఆ 40 శాతం రిజర్వేషను వంటి వాటికి. సివిల్ సర్వీసు పరీక్షలో వ్రాతగాని సహాయం కోరిన ఒక అభ్యర్థి విషయంలో సుప్రీం కోర్టు 2021 ఫిబ్రవరిలో ఈ భేదాన్ని స్పష్టం చేసింది.

ఇప్పుడు ఆ యువకునికి, అతని వంటివారికి నా సలహా.

అడిగిన ప్రశ్నకు అబద్ధం వ్రాయవద్దు. పట్టుబడితే ఉద్యోగం కంటె ముందు విశ్వాసం పోతుంది. అడగనిచోట వ్యాధిపేరు చాటవలసిన అగత్యమూ లేదు. ఆ గడిలో “ఒక ఆరోగ్య సమస్యకు చికిత్స పొందుచున్నాను. ఈ ఉద్యోగానికి తగుదునని వైద్యుల ధ్రువపత్రం కలదు. వివరాలు వైద్యాధికారికి సమర్పిస్తాను” అని వ్రాయవచ్చును. ఆ ధ్రువపత్రం ముందుగా మీ మానసిక వైద్యుని వద్ద తీసుకొనండి.

చెప్పవలసివచ్చినప్పుడు వ్యాధి చరిత్ర కంటె మీ అవసరాన్ని చెప్పండి. “నాకు రాత్రి నిద్ర తప్పితే జబ్బు తిరగబెడుతుంది, కావున రాత్రి షిఫ్టు వద్దు” అంటే వినేవానికి చేయవలసినది తెలుస్తుంది. ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం శరీరానికి మూడు ఉపస్తంభాలన్నారు పెద్దలు. మనోవ్యాధి ఉన్నవానికి నిద్ర అన్నిటికంటె పెద్ద స్తంభం. పగలు షిఫ్టు కోరడం సోమరితనం కాదు, పథ్యం.

సంగతి తెలియవలసిన ఒక్కరికే చెప్పండి. వ్రాతపూర్వకంగా ఇచ్చి, నకలు ఇంట్లో ఉంచుకొనండి. ప్రభుత్వ కార్యాలయాలలో ఇట్టి ఫిర్యాదులు వినడానికి చట్టప్రకారం ఒక అధికారి ఉండవలెను. ఆయన ఎవరో అడిగి తెలుసుకొనండి. సదరం శిబిరంలో వైకల్య ధ్రువపత్రం తీసుకోవడం మీ ఇష్టం, మీ హక్కు.

ఒక్కచోట మాత్రం మౌనం తగదు. బస్సు నడిపేవారు, గనిలో మందుగుండు పేల్చేవారు, క్రేను మీద, కరెంటు స్తంభం మీద పనిచేసేవారు నిద్రమత్తు కలిగించే మందు వాడుచుంటే ఆ సంస్థ వైద్యునికి తప్పక చెప్పవలెను. అక్కడ ఇతరుల ప్రాణం కూడా మీ చేతిలో ఉన్నది. ఆ భయంతో మందు మానివేయడం అంతకంటె ప్రమాదం. బ్రాహ్మి, సరస్వతి ఆకు, అశ్వగంధ వాడుచున్నామని మానసిక వైద్యులిచ్చిన మాత్రలు ఆపవద్దు. ఈ మూలికలు వాడదలచినా ముందు ఆ వైద్యునికి చెప్పండి. రాత్రివేళ ఎవరితోనైనా మాట్లాడవలెననిపిస్తే 14416 అనే ఉచిత టెలిఫోను నంబరు ఉన్నది. 2022 అక్టోబరులో కేంద్రం ప్రారంభించిన టెలి మానస్ సేవ ఇది. తెలుగులోనే మాట్లాడవచ్చును.

తోటి వైద్యులకు ఒక మనవి. శిష్యునికి దీక్ష ఇచ్చేటప్పుడే రోగి ఇంటి సంగతులు బయట పెట్టరాదని చరకాచార్యులు నియమించారు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుండి అమలులోకి వచ్చి అదే గోప్యతను రోగి హక్కుగా చేసింది. కాని రహస్యం కాపాడడం వేరు, అబద్ధం వ్రాయడం వేరు. రోగి కోరితే “అనారోగ్యం వల్ల విశ్రాంతి అవసరం” అని వ్రాసి ఊరుకొనవచ్చును. లేని కామెర్లను వ్రాయరాదు. అట్లే, ఆ చట్టం మానసిక ఆరోగ్య నిపుణులలో ఆయుర్వేదంలో మనోరోగ శాస్త్రాన పట్టభద్రులైన తరువాత ఉన్నత పట్టం పొందినవారిని చేర్చింది. గురుకులంలో చదివిన నావంటివానిని చేర్చలేదు. దానికి నేను చిన్నబుచ్చుకొనలేదు. మన హద్దు తెలుసుకొని తగినవారి వద్దకు పంపడం కూడా వైద్యమే.

యజమానులకు, అధికారులకు చివరి మాట. బ్రిటన్‌లో 2010 నాటి సమానత్వ చట్టం ఉద్యోగం ఇస్తామని చెప్పకముందు ఆరోగ్యాన్ని గురించి అడగడాన్ని, కొన్ని మినహాయింపులతో, నిషేధించింది. అమెరికాలో 1990 చట్టం కూడా అట్టిదే. మన చట్టంలో అంత స్పష్టమైన నిషేధం లేదు. అది రావలెనని నా అభిప్రాయం. అంతవరకు ఆ గడిని మీరే కొట్టివేయవచ్చును. దాని బదులు “మీరు ఈ పని చక్కగా చేయడానికి మేము కల్పించవలసిన సౌకర్యం ఏదైనా ఉన్నదా?” అని అడగండి. చెప్పినవాని సంగతి క్యాంటీనుకు చేరకుండా చూడండి. ఒక్క మనిషి చెప్పి చెడకుండా నిలబడితే, తరువాతివాడు మీరు అడగకుండానే వచ్చి చెబుతాడు.

ఆ గుమాస్తా కుటుంబం కర్నూలు విడిచి ఎటో వెళ్లిపోయింది. వారిని క్షమించమని అడిగే అవకాశం నాకు రాలేదు. ఆ తరువాత నేను లేని రోగాన్ని ఏ కాగితం మీదా వ్రాయలేదు. ఎర్రగుంట్ల యువకునికి ఈ వ్యాసంలో చెప్పినదే జాబుగా వ్రాసి పంపాను. ఆ గడిలో ఏమి వ్రాయాలన్నది అతని నిర్ణయం. అతడు వ్రాసినదానిని ఎట్లా చదవాలన్నది మాత్రం ఆ బల్లకు అవతల కూర్చున్నవారి చేతిలో ఉన్నది.